చేబదులు లెన్సులు

సత్తుపల్లి ఫొటోగ్రాఫర్లకు ఏడాదిలో ఎంత పని ఉంటుందో పంచాంగం చెబుతుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తికం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణాల్లో లగ్నాలు ఏయే తేదీల్లో పడ్డాయో, గురు శుక్ర మూఢాలు ఎప్పుడొస్తున్నాయో చూసి స్టూడియో గోడమీది క్యాలెండర్‌లో పెన్నుతో చుట్లు చుడతారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. చిక్కంతా చుట్లు పడిన తేదీలతోనే. లగ్నం బాగున్న రాత్రి ఊరందరికీ బాగుంటుంది. అదే రాత్రి వేంసూరులో ఒక పెళ్లి, పెనుబల్లిలో ఒకటి, దమ్మపేట, అశ్వారావుపేటల్లో రెండు, సరిహద్దు దాటితే చింతలపూడి, జీలుగుమిల్లి, తిరువూరు వైపు మరికొన్ని. పెళ్లి సంబంధాలకు రాష్ట్రాల గీత అడ్డం కాదు గనుక ఫొటో ఆర్డర్లకూ కాదు.

ఒక పెళ్లికి ఇప్పుడు ఒక కెమెరా చాలదు. వేదిక ఎదురుగా నిలబడి ఆచారాలన్నీ వరసగా తీసే ‘ట్రెడిషనల్’ ఫొటో, అదే పద్ధతిలో వీడియో, పక్కనుంచి నవ్వులూ కన్నీళ్లూ పట్టే ‘క్యాండిడ్’, గింబల్ మీద నడిచే ‘సినిమాటిక్’, పైన డ్రోన్. కనీసం ఐదుగురు కావాలి. మండల కేంద్రాల్లోని స్టూడియోలో ఉండేది మాత్రం యజమాని, పని నేర్చుకుంటున్న కుర్రాడు. మిగతా చేతులు స్నేహితులవి. ఈ రాత్రి ఒకరి ఆర్డర్‌కు ఇద్దరు వస్తే, వచ్చే లగ్నానికి ఆ ఇద్దరి ఆర్డర్లకు ఇతను వెళ్లాలి. డబ్బు రోజు లెక్కన ఇచ్చిపుచ్చుకుంటారు గానీ, అసలు లెక్క తేదీలది. కాగితం మీద లేని కట్టుబాటు ఒకటుంది: ఇంకొకరి ఆర్డర్‌కు వెళ్లినవాడు పెళ్లివారికి తన విజిటింగ్ కార్డు ఇవ్వడు. ఇచ్చాడని తెలిస్తే తర్వాతి సీజన్లో అతనికి ఫోన్ రాదు.

సామాను కూడా ఇలాగే చేతులు మారుతుంది. 24–70 జూమ్ అందరి దగ్గరా ఉంటుంది. పెళ్లిలో ముప్పావు పని దానితోనే నడుస్తుంది. ముఖాల కోసం 85 ఎంఎం, తక్కువ ఖర్చులో వెనకభాగం మసకచేసే 50 ఎంఎం ఎలాగో కొంటారు. 70–200 ఎఫ్ 2.8 దగ్గరకొచ్చేసరికి చేయి ఆగుతుంది. ఖరీదు ఒక కారణం, బరువు ఇంకో కారణం. లెన్సు ఒక్కటే దాదాపు కిలోన్నర. బాడీ, ఫ్లాష్ కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము అప్పగింతల దాకా దాన్ని ఎత్తి పట్టినవాడి మణికట్టుకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే నలుగురు స్నేహితుల్లో ఒకరి దగ్గరే అది ఉంటుంది. ‘అన్నా, శుక్రవారం నీ సెవెంటీ టూ హండ్రెడ్ ఖాళీయేనా?’ అన్నది ఈ వృత్తిలో ఎక్కువగా వినబడే ప్రశ్నల్లో ఒకటి.

చేబదుల్లో ఒక మెలిక ఉంది. దాదాపు ప్రతి కంపెనీ కెమెరాకూ లెన్సు బిగించే మౌంటు వేరు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో వచ్చింది. సొంత బావమరిదిదైనా సరే, కెనాన్ లెన్సు నికాన్ బాడీకి తగలదు. అందువల్ల కొత్తగా వృత్తిలోకి వచ్చే కుర్రాడు ఏ కెమెరా మంచిదని పెద్దగా ఆలోచించడు. చుట్టుపక్కల స్నేహితుల దగ్గర ఏముందో చూసి అదే కొంటాడు. పెళ్లి వీడియోను సినిమాలా తీసే పద్ధతికి దారి తెరిచింది 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు మీద ఫుల్ హెచ్‌డీ వీడియో తీసిన తొలి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. ఆ ఊపులో చాలామంది కెనాన్ వైపు ఉండగా, 2018లో సోనీ ఏ7 3 వచ్చి మిర్రర్‌లెస్‌ను పెళ్లి పందిట్లోకి తెచ్చింది. మౌంటు మార్చినవాడు లెన్సులు మార్చాలి, లెన్సులు మారితే చేబదులు ఇచ్చే మనుషులూ మారతారు. అడాప్టర్ ఉంటే కెనాన్ లెన్సు సోనీ మీద పనిచేస్తుంది గానీ, ఫోకస్ తడబడితే జీలకర్ర బెల్లం ఘడియ మళ్లీ రాదు. కొత్త వియ్యం అందుకున్నట్టే, లాభనష్టాలు రెండు మూడు సీజన్లు గడిస్తేగాని తేలవు.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణమే సుముహూర్తం. అడ్డుతెర దిగడం, చేతులు లేవడం, బాజాలు ఊపందుకోవడం, అక్షింతలు పడటం, అన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. ఆ సెకన్లలో వేదిక ముందు ఐదుగురు కెమెరావాళ్లు, పదిమంది బంధువుల సెల్‌ఫోన్లు. తలంబ్రాలకు మాత్రం తీరిక దొరుకుతుంది, అక్కడ కావలసింది వేగం. గాలిలో బియ్యపు గింజ గింజగా నిలబడాలంటే షట్టరు సెకనులో 500వ వంతుకు తగ్గకూడదు. మామూలు ఫ్లాష్ మాత్రం 200 లేదా 250వ వంతు దాకానే షట్టరుతో కలిసి నడుస్తుంది. ఆ పైన హై స్పీడ్ సింక్ పెట్టాలి, పెడితే వెలుగు తగ్గుతుంది. అందుకని పాతకాపులు షట్టరు జోలికి పోరు. హాలు వెలుతురును అణచిపెట్టి, ఫ్లాష్ మెరుపుతోనే గింజలను ఆపుతారు. ఆ మెరుపు నిడివి షట్టరు కంటే చాలా తక్కువ.

వెలుతురుతో పేచీలు ఈ ప్రాంతానికి తగ్గట్టే ఉంటాయి. ఫంక్షన్ హాళ్లలోని నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి ఆనవు, వీడియోలో నల్లటి పట్టీలై పాకుతాయి. షట్టరును 50 లేదా 100వ వంతు దగ్గర ఉంచితే సర్దుకుంటుంది. మంగళస్నానాల్లో ఇంకో ఇబ్బంది. ముఖమంతా పసుపు, చీర పసుపు, బంతిపూలు పసుపు. ఫ్రేము నిండా ఒకే రంగు చూసి ఆటో వైట్ బ్యాలెన్స్ ఏదో తేడా ఉందనుకుని నీలం కలుపుతుంది, పెళ్లికూతురు పాలిపోతుంది. అక్కడ వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు తగ్గట్టు 5500 కెల్విన్ దగ్గర చేత్తో బిగించాలి. ప్రీ వెడ్డింగ్ షూట్లకు అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటలకు వెళ్తారు. 9 మీటర్ల త్రికోణాల్లో, హెక్టారుకు 143 చెట్ల లెక్కన నాటిన తోట డ్రోన్ నుంచి చూస్తే ఆకుపచ్చ నక్షత్రాలు పరిచినట్టుంటుంది. కింద కథ వేరు. మట్టల గుండా వడకట్టి వచ్చే వెలుతురు ముఖాలకు పచ్చ పులుముతుంది. తెల్లటి రిఫ్లెక్టర్ గానీ ఫ్లాష్ గానీ లేకుండా అక్కడ తీసిన ముఖాన్ని ఎడిటింగ్‌లో బాగుచేయడం కష్టం. ఇక సత్తుపల్లిని ఆనుకునే సింగరేణి జేవీఆర్ ఓపెన్‌కాస్టు గని. బొగ్గు దుమ్ము ఎగిరే చోట లెన్సు మార్చితే సెన్సరు మీద మచ్చలు కూర్చుంటాయి. మచ్చ ఒక్కటే అయినా, ఆ తర్వాత తీసిన ప్రతి ఆకాశంలోనూ అదే చోట కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు లెన్సులు కారు అద్దాలు ఎత్తుకుని లోపల మార్చుకోవడం అందుకే.

డ్రోన్‌కు చట్టం ఉంది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు బరువున్నవి ‘నానో’ తరగతి. వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించిన బరువుతో డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటితే అనుమతి తప్పనిసరి.

ఎడిటింగ్ కంప్యూటర్‌తో పుట్టిందనుకోవడం పొరపాటు. రీళ్ల కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు, గీతలు చెరిపే ‘టచింగ్’ పనివాళ్లుండేవారు. నలుపు తెలుపు ప్రింటుకు చీర రంగు, బుగ్గల రంగు బ్రష్‌తో అద్దేవారు. రీలుకు 36 క్లిక్కులే గనుక మీట నొక్కేముందు చేయి తడుముకునేది. అప్పటి ఎడిటింగ్‌లో సగం ఆ తడుముకోవడంలోనే అయిపోయేది. వీడియో వచ్చాక సన్‌గన్ లైట్ల వేడికి పెళ్లికొడుకు మధుపర్కాలు చెమటతో తడిసేవి. క్యాసెట్లు పక్క పట్టణాల మిక్సింగ్ యూనిట్లకు వెళ్లి, తలంబ్రాల మీద గులాబీ రేకులు విచ్చుకునే ఎఫెక్టులతో తిరిగొచ్చేవి. ఆ ‘మిక్సింగ్’ అనే మాట క్యాసెట్టు పోయినా పోలేదు. ఎడియస్‌లోనో ప్రీమియర్‌లోనో చేసినా ఇప్పటికీ అది మిక్సింగే.

ఇప్పుడు పెళ్లి ఒక రాత్రి, సిస్టం ముందు పని కొన్ని వారాలు. మొదటి మెట్టు ఏరడం. మూడు నాలుగు వేల ఫొటోల్లో కళ్లు మూసినవి, కదిలినవి, పంతులుగారి మోచేయి అడ్డొచ్చినవి తీసేయాలి. తర్వాత రంగు. రా ఫైలు విలువ ఇక్కడే తెలుస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ రా ఫైలులో 16,384 ఉంటాయి. ఫ్లాష్ పేలక చీకట్లో పడిన ముఖాన్ని జేపెగ్ నుంచి లాగితే మచ్చలు తేలతాయి, రా నుంచి లాగితే చాలావరకు వస్తుంది. రా ఫైలు చోటు ఎక్కువ తింటుందని ఆచారాల ఫొటోలు జేపెగ్‌లో, క్యాండిడ్ మాత్రమే రాలో తీసేవాళ్లు చాలామంది. తీరా కాపాడాల్సి వచ్చేవి ఎక్కువగా ఆచారాల ఫొటోలే.

ఆల్బమ్ డిజైనర్ చెవిన ఎక్కువగా పడే కోరిక ‘కొంచెం తెల్లగా చెయ్యండి’. లైట్‌రూమ్‌లో దానికి దగ్గరి దారి ఆరెంజ్ రంగు లూమినెన్స్ పెంచడం, ఎందుకంటే మన చర్మం రంగు ఎక్కువగా ఆ ఆరెంజ్‌లోనే ఉంటుంది. బంగారం, పసుపు కూడా ఆ పక్కనే ఉంటాయి. మీట కాస్త ఎక్కువ జరిపితే ముఖంతో పాటు కాసులపేరు వెలిసిపోతుంది, పసుపుతాడు నూలుదారమవుతుంది. చర్మాన్ని మెత్తగా చేసే పోర్ట్రెయిచర్ ప్లగిన్ అతిగా వాడితే పట్టుచీర అంచు కూడా నున్నగా అయిపోతుంది. పనితెలిసినవాడు మాస్కు వేసి ముఖం వరకే ఆపుతాడు. చామనచాయ పెళ్లికూతురిని చామనచాయగానే అందంగా చూపిన ఆల్బమ్‌లూ లేకపోలేదు. అలాంటివి వెలుతురు ముందే సరిగా పెట్టుకున్నవాడి దగ్గర్నుంచి వస్తాయి, మౌస్ నుంచి కాదు.

కొన్ని కోరికలను మాత్రం ఎవరూ కాదనరు. పెళ్లికి ముందే పోయిన తండ్రిని కన్యాదానం ఫొటోలో తల్లి పక్కన నిలబెట్టమంటారు. పాత ఓటరు కార్డు ఫొటో ఒక్కటే ఆధారం. వెలుతురు ఏ వైపు నుంచి పడిందో సరిచూసి, నీడ గీసి, ఎత్తు కుదిర్చి అతికించడానికి ఒక పూట పడుతుంది. దీనికి డబ్బు అడగడానికి చాలామంది మొహమాటపడతారు. 2023లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్, ఫొటోషాప్‌లోకి జెనరేటివ్ ఫిల్ వచ్చాక రాత్రి ఫొటోల గరుకు తగ్గించడం, వెనకనున్న వాటర్ డ్రమ్మును మాయం చేయడం నిమిషాల పనైంది. పోయిన మనిషి ముఖాన్ని మాత్రం ఇంకా చేత్తోనే కుదురుస్తారు. ముక్కు కాస్త అటూ ఇటూ అయినా ఇంట్లోవాళ్లు పట్టేస్తారు.

ఆల్బమ్ షీటు మామూలుగా 12 బై 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 10,800 బై 3,600 పిక్సెళ్లు, అంటే దాదాపు 39 మెగాపిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో ఒక్కటే షీటంతా పరిస్తే సాగుతుంది. అందుకే డిజైనర్లు ఒక పెద్ద ఫొటో, పక్కన నాలుగైదు చిన్నవి పేరుస్తారు. అది అందం కోసమని కస్టమర్ అనుకుంటాడు. పూర్తయిన షీట్లు ఖమ్మం, విజయవాడ కలర్ ల్యాబ్‌లకు వెళ్తాయి. అక్కడ గ్లాసీ, మ్యాట్, మెటాలిక్‌లతో పాటు ‘ఎన్‌టీఆర్’ అనే రకమూ ఉంటుంది. నాన్ టియరబుల్, చిరగని షీటు అని అర్థం. ఆ పేరు వినగానే అభిమానులు ఖరీదు అడక్కుండా ఒప్పుకుంటారని స్టూడియోల్లో నవ్వుకుంటారు.

వీడియో సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 4కేలో తీస్తే గంటకు 45 జీబీ. రెండు మూడు కెమెరాలు రాత్రంతా నడిస్తే ఒక్క పెళ్లికే ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్ నిండిపోవచ్చు. రెండు కాపీలుంచాలని అందరికీ తెలుసు. రెండో డిస్క్ కొనేది మాత్రం మొదటిది ఒకసారి చచ్చాకే. ఈ ఫొటోలు ఎవరివన్న ప్రశ్నకు 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా జవాబిస్తుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లికూతురి క్లోజప్‌ను స్టూడియో పేరు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు అడగాల్సింది డబ్బిచ్చి తీయించుకున్నవారినన్నమాట. బుకింగ్ రసీదు వెనక హక్కు ఎవరిదో చెప్పే ఒక్క వాక్యం అచ్చు వేయించినవాళ్లు తక్కువ.

ఆషాఢం రాగానే తేదీల పంచాయితీ ఆగి, తేమతో పోరు మొదలవుతుంది. అడవి అంచు వానల్లో గాలి తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే లెన్సు లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. డ్రై క్యాబినెట్ ఉన్నవాడి స్టూడియోకు అప్పుడు మిగతావాళ్ల లెన్సులన్నీ చేరతాయి. లేనివాళ్లు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడతారు. కొందరు బియ్యం పోస్తారు గానీ, బియ్యానికి ఆ శక్తి తక్కువ, పైగా పొడి రాలుతుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, బడి పిల్లల గ్రూప్ ఫొటోలు, ఓణీల ఫంక్షన్ల ఫ్లెక్సీలతో కరెంటు బిల్లు, అద్దె గడుస్తాయి. ఆధార్ కేంద్రంలో కెమెరా వాళ్లదే గనుక ఆ పని స్టూడియోకు రాదు.

సీజన్ లెక్కలు తేలేదీ ఈ ఖాళీలోనే. అడ్వాన్స్ లగ్నపత్రిక నాడు, కొంత పెళ్లి రోజు, మిగతాది ఆల్బమ్ ఇచ్చినప్పుడు అన్నది పద్ధతి. సెల్‌ఫోన్లోకి ఫొటోలు చేరిపోయాక ఆల్బమ్ తొందర పెళ్లివారికి ఉండదు. ల్యాబ్‌కు డబ్బు మాత్రం స్టూడియో ముందే కట్టేసి ఉంటుంది. పేర్లు, తేదీ బంగారు రంగులో అచ్చైన పెట్టెలు బీరువా పైన వరసగా పేరుకుంటాయి, కొన్ని రెండు మూడేళ్లుగా. ఆల్బమ్ వాళ్ల చేతికి వెళ్లేదాకా ఆ పెళ్లి హార్డ్‌డిస్క్‌ను చెరపడానికి లేదు. కొత్త సీజన్‌కు చోటు చాలనప్పుడు, స్నేహితుణ్ని డిస్కూ చేబదులు అడుగుతారు.