గోడలో దాక్కున్న నీటిని పట్టేవాళ్లు కావాలి
వరద తగ్గాక మొదలయ్యే పని ఇది. సివిల్, ఐటీఐ చదివినవాళ్లు ఓ చూపు చూడొచ్చు

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్ని ముంచెత్తాయి. మా పిన్నివాళ్ల ఇల్లు అక్కడే. నడుములోతు నీళ్లు దాదాపు వారం రోజులు కదల్లేదు. నీళ్లు పోయాక బురద కడిగారు, ఫినాయిల్ పోశారు, ఫ్యాన్లు తిప్పారు. నేల ఆరిపోయింది. దీపావళికి ఇల్లు కళగా ఉండాలని రంగులు వేయించారు. గోడ చల్లగా ఉందేంటని బాబాయి అడిగితే, 'ఏం కాదు సార్, ప్రైమర్ రెండు కోట్లు కొడితే ఆగిపోద్ది' అన్నాడు మేస్త్రీ. సంక్రాంతికి వెళ్లి చూస్తే రంగు బుడగలు కట్టి, గోడలు మూడడుగుల ఎత్తు వరకూ పెచ్చులూడుతున్నాయి. బీరువా వెనక నల్లగా బూజు. పిన్నికి దగ్గు తగ్గడం లేదు.

తప్పు రంగుది కాదు, మేస్త్రీది కూడా పూర్తిగా కాదు. గోడ ఆరిందో లేదో కొలిచి చెప్పేవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. ఈ వ్యాసం ఆ ఖాళీ గురించే.

అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఇది ప్రత్యేకమైన వృత్తి. వాటర్ డ్యామేజ్ రెస్టొరేషన్ అంటారు. మన దగ్గర ఈ పేరుతో ఉద్యోగ ప్రకటన వెతికితే దొరకడం కష్టం. వాటర్‌ప్రూఫింగ్, ఫెసిలిటీ మేనేజ్‌మెంట్, డీప్ క్లీనింగ్, పెస్ట్ కంట్రోల్ అనే పేర్ల కింద ఈ పని ముక్కలుగా ఉంది. ముక్కల్ని కలిపి చేయగలిగినవాళ్లు తక్కువ కాబట్టే మీకు చోటుంది.

ఏం చేస్తారు?

మొదట కరెంటు. మునిగిన ఇంట్లో ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ ఆన్ చేయనివ్వకూడదు. తర్వాత నీళ్లు తోడటం, బురద గట్టిపడకముందే కడగడం. ఇక్కడివరకూ అందరూ చేస్తారు. అసలు తేడా ఆ తర్వాతే వస్తుంది.

వచ్చిన నీరు ఎలాంటిదో తేల్చాలి. ఈ వృత్తిలో నీటిని మూడు రకాలుగా చూస్తారు. కుళాయి పైపు పగిలి వచ్చింది ఒకటో రకం. వాషింగ్ మెషీన్ వదిలే మురికి నీరు రెండోది. డ్రైనేజీ, వరద నీరు మూడోది. మూడో రకం నీళ్లలో నానిన దూది పరుపు, సోఫా స్పాంజి, ఉబ్బిన ప్లైవుడ్ అల్మరా బయట పడేయాల్సిందే. ఎండబెట్టి వాడుకుంటామని ఇంటివాళ్లు అంటారు. ఎంత ఇష్టంగా కొనుక్కున్నారో మనకూ తెలుసు కాబట్టి వద్దని చెప్పడం ఈ పనిలో కష్టమైన భాగం.

ఆ తర్వాత ఆరబెట్టడం. బూజుకు కావాల్సింది చెమ్మ, తినడానికి కాస్త కాగితమో కర్రో దుమ్మో. అవి దొరికితే 24 నుంచి 48 గంటల్లోనే మొలకెత్తగలదు. అందుకే తొందర. కానీ సెప్టెంబరులో కోస్తా గాలిలో తేమ ఎక్కువ. కిటికీలన్నీ తెరిచి 'గాలాడుతోంది' అనుకుంటే కుదరదు, బయటి గాలే తడిగా ఉంటే గోడ ఆరేదెక్కడ? హైగ్రోమీటర్‌తో ఇంటి లోపల, బయట తేమ చూసుకుని, బయట పొడిగా ఉన్న వేళలోనే తలుపులు తీస్తారు. లేదంటే మూసేసి డీహ్యుమిడిఫయర్, గోడల వెంట గాలి తోలే ఫ్యాన్లు పెడతారు. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూడటం లక్ష్యం.

ఇటుక గోడ సంగతి వేరు. పైన తడి కనపడకపోయినా లోపల ఉంటుంది. అంగుళం మందానికి సుమారు ఒక నెల అని ఓ పాత మోటు లెక్క ఉంది. గాలి, ఎండను బట్టి మారుతుంది కానీ తొమ్మిదంగుళాల గోడకు రెండు నెలలు చాలవన్నది మాత్రం ఖాయం. దానిమీద పుట్టీ, రంగు పూస్తే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. బయటికి రావాలని చూసే నీరు ఉప్పును కూడా మోసుకొస్తుంది. తెల్లగా పొడిలా తేలేది అదే. రంగును తోసేసేదీ అదే.

మీటరు చెప్పిందల్లా నిజం కాదు

మాయిశ్చర్ మీటర్ మామూలువి రెండు మూడు వేల రూపాయలకే వస్తున్నాయి. రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. అక్కడే బోల్తా పడతారు. ఈ సూదుల మీటర్లు ఎక్కువగా కర్ర కోసం లెక్కగట్టినవి. ఉప్పు తేలిన ఇటుక గోడలో పెడితే లేని తడిని కూడా చూపిస్తాయి. కాబట్టి అదే ఇంట్లో తడవని గోడను ముందు కొలిచి, దానితో పోల్చాలి. అడుగుకో అంకె చొప్పున గోడమీద సుద్దతో రాసి, వారం వారం మళ్లీ కొలవాలి. అంకె దిగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

థర్మల్ కెమెరా కూడా అంతే. అది నీటిని చూడదు, చల్లదనాన్ని చూస్తుంది. చల్లగా కనపడిన చోట మీటరుతో నిర్ధారించుకోవాలి. ఏ పరికరమూ లేకపోతే ఒక ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. గోడవైపు నీటి చుక్కలు పడితే తడి గోడలో ఉన్నట్టు, గదివైపు పడితే గాలిలో ఉన్నట్టు. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటి చెప్పినా మిమ్మల్ని వేరుగా చూస్తారని నా నమ్మకం.

బూజును పొడి చీపురుతో దులపకూడదు. బూజు కర్ర అలవాటున్న మనకు ఇది వింతే, కానీ దులిపితే కంటికి కనపడని బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి మందు కొట్టి వదిలేస్తే చాలదు, తడిగుడ్డతో తుడిచి తీసేయాలి. ఎన్95 మాస్కు, గ్లోవ్స్, కళ్లజోడు తప్పనిసరి. ఇంకోటి, బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణం మీదికి వస్తుంది. వరద ఇళ్లలోకి దిగేముందు గంబూట్లు వేసుకోండి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి.

దారి ఎటు?

ఐటీఐలో ప్లంబర్, ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లు టెక్నీషియన్‌గా మొదలుపెట్టొచ్చు. సివిల్ డిప్లొమా, బీటెక్ ఉంటే చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేల్చి నివేదిక రాసే పని సరిపోతుంది. పునాది నుంచి పైకి పీలుస్తోందా, బాత్రూమ్ నుంచి కారుతోందా, స్లాబు పగులా అన్నది తేలనిదే ఏ కోటింగూ నిలవదు. భవన నిర్మాణ పనుల్లో శిక్షణకు హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది.

విదేశాల మీద కన్నున్నవాళ్లకు ఐఐసీఆర్‌సీ సర్టిఫికెట్లు తెలిసుండాలి. 1972లో అమెరికాలో కార్పెట్లు శుభ్రం చేసేవాళ్ల కోసం మొదలైన సంస్థ ఇది. నీటి నష్టం పనులకు దాని ఎస్500, బూజుకు ఎస్520 ప్రమాణాలు ఆధారం. మొదటి మెట్టు డబ్ల్యూఆర్‌టీ, మూడు రోజుల కోర్సు, చివర్లో పరీక్ష. అది అయ్యాకే ఆరబెట్టడం మీద ఏఎస్‌డీ, బూజు మీద ఏఎంఆర్‌టీ. ఫీజు కట్టేముందు మాత్రం ఓ రెండు నెలలు ఏదైనా వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేసి చూడండి. బురద వాసన మీకు పడుతుందో లేదో ఏ సర్టిఫికెటూ చెప్పదు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లు పెద్దగా పట్టించుకోని దారి ఇంకొకటుంది, బీమా సర్వేయర్. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే తరహా ఇంటి పాలసీ ఇస్తున్నాయి. వరద నష్టం అందులో ఉంది. నష్టం ఎంతో అంచనా వేయడానికి ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న సర్వేయర్లు కావాలి. సీనియర్ సర్వేయర్ దగ్గర శిక్షణ, పరీక్ష, ఆ తర్వాతే లైసెన్సు. గోడలో తడి కొలవడం వచ్చిన సర్వేయర్ మాటకు విలువుంటుందని వేరే చెప్పాలా?

పిన్నివాళ్ల ఇంటికొస్తే, జనవరిలో నాలుగడుగుల ఎత్తు వరకూ ప్లాస్టరు కొట్టించేశాం. బీరువా గోడకు జానెడు దూరం జరిపాం. తడి గోడ, పొడి గోడ అంకెలు సుద్దతో రాస్తూ వచ్చింది డిగ్రీ చదివే మా తమ్ముడు. ఎండాకాలం అంతా ఇటుకలు బయటికి కనపడుతూనే ఉన్నాయి, వచ్చినవాళ్లందరూ ఇదేంటని అడిగారు. మే నెలాఖరుకు రెండు అంకెలూ దగ్గరికొచ్చాయి. జూన్‌లో మళ్లీ ప్లాస్టరు చేయించాం. పక్కింటివాళ్లు తమ గోడలు కూడా కొలిచి పెట్టమని తమ్ముణ్ని పిలిచారు. ఎంత తీసుకోవాలో తెలియక వాడు ఆ ఒక్కసారికి టీ తాగి వచ్చేశాడు.