పండోరా మీది పెట్టె

పొడవు 18 అడుగులు, వెడల్పు 11. పైకప్పులో మనిషి దూరేంత కంత ఒక్కటే, దానికి బయట గడియ. 1791లో బ్రిటిష్ యుద్ధనౌక పండోరా వెనకడెక్కు మీద కట్టిన ఈ చెక్క గదిలో 14 మందిని బేడీలు, సంకెళ్లు వేసి కుక్కారు. లోపలివాళ్ల చెమట డెక్కు మీద ధారలు కట్టేదని అందులో మగ్గిన జేమ్స్ మారిసన్ రాశాడు.

24 ఫిరంగుల ఈ చిన్న ఫ్రిగేట్ 1779లో లండన్ దగ్గర డెప్ట్‌ఫర్డ్‌లో నీళ్లలోకి దిగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో తిరిగింది. యుద్ధం ముగిశాక ఏళ్ల తరబడి రేవులో ఊరికే పడి ఉంది.

దాన్ని మళ్లీ కదిలించింది బౌంటీ ఓడలో తిరుగుబాటు. 1789 ఏప్రిల్‌లో ఫ్లెచర్ క్రిస్టియన్ బృందం ఓడ అధికారి బ్లైని, మరో 18 మందిని పడవలోకి దింపేసి బౌంటీని చేజిక్కించుకుంది. ఆ తిరుగుబాటుదారులను పట్టి తెమ్మని 1790 నవంబరులో కెప్టెన్ ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్‌ను పండోరాలో పంపారు. మరుసటి మార్చి 23న ఓడ తాహితీ దీవికి రాగానే, అక్కడున్న బౌంటీ మనుషుల్లో కొందరు తమంతట తామే ఎదురొచ్చారు. అక్కడ దొరికిన 14 మందిలో నలుగురికి తిరుగుబాటుతో సంబంధం లేదు. బ్లై వెంట వెళ్లే వీల్లేక బౌంటీలో ఉండిపోయినవాళ్లు. ఎడ్వర్డ్స్ మాత్రం అందరినీ ఒకే గాటన కట్టాడు. నౌకాదళం కట్టుబాట్లు ఎంత కఠినమైనా, ఇది అన్యాయమే.

క్రిస్టియన్ కోసం నెలల తరబడి దీవులు గాలించారు. దొరకలేదు. తిరుగుదారిలో, ఆగస్టు 28 రాత్రి, ఓడ ఆస్ట్రేలియా దగ్గర గ్రేట్ బ్యారియర్ రీఫ్‌ను ఢీకొంది. పంపులు కొట్టడానికి ముగ్గురు ఖైదీలను విప్పారు. మిగతావాళ్లు పెట్టెలోనే. తెల్లవారేసరికి ఓడ ఒరిగిపోతోంది, అందరూ నీళ్లలోకి దూకుతున్నారు. ఆ గందరగోళంలో ఓడ సరంగు సహాయకుడు విలియం మౌల్టర్ ఆగాడు. గడియ లాగి, కంత మీది తలుపు పీకి విసిరేసి, అప్పుడు దూకాడు.

31 మంది సిబ్బంది, నలుగురు ఖైదీలు మునిగిపోయారు. మిగిలిన 99 మంది నాలుగు పడవల్లో, ఎండకు మాడుతూ, గుక్కెడు నీళ్లకు అల్లాడుతూ తిమోర్ చేరారు. 1792లో లండన్‌కు దక్షిణాన పోర్ట్స్‌మత్‌లో సైనిక విచారణ జరిగింది. బతికిన పది మంది ఖైదీల్లో ముగ్గురిని ఉరితీశారు, మరో ముగ్గురు ఉరి తప్పించుకున్నారు. తిరుగుబాటుతో సంబంధం లేని ఆ నలుగురు నిర్దోషులుగా విడుదలయ్యారు.

పండోరా శిథిలం 1977లో దొరికింది. సముద్రం అడుగు నుంచి తీసిన జేబు గడియారం, ఇతర వస్తువులు క్వీన్స్‌లాండ్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఓడ మునిగిన చోటికి దగ్గర్లోని చిన్న ఇసుక దీవికి మౌల్టర్ పేరు పెట్టారు.