రజాకారు అనే మాట వెనుక

రజాకార్ల గురించి మన సాహిత్యంలో వచ్చినది తక్కువేమీ కాదు. అయినా ఇటీవలి కొన్ని రచనలు చదువుతుంటే నాకొక సందేహం కలుగుతోంది. ఒక దళానికి పేరైన ఈ మాట క్రమంగా ఒక మతానికి మారుపేరు అయిపోతున్నదా? అదే జరిగితే అన్యాయం ఒక మతానికి మాత్రమే కాదు. అసలు ముద్దాయి చరిత్ర బోనులోంచి తప్పించుకుంటాడు.

రజాకారు అంటే ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సాయుధ దళం అది. నాయకుడు కాశిం రజ్వీ. మతావేశం దానికి ఊపిరి, సందేహం లేదు. కాని ఆవేశం ఒక్కటే ఊళ్ళను తగలబెట్టలేదు. అందుకు ప్రభుత్వం కళ్ళు మూసుకోవాలి, పోలీసు వెంట నడవాలి, ఊళ్ళో ఒక గడీ తలుపు తెరవాలి. నిజాం రాజ్యంలో ఈ మూడూ సమకూడాయి.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్ళే రైలు మార్గంలో బీబీనగర్ ఉంది. 1948 జనవరి 10న రజాకార్లు ఆ ఊరిమీద పడి దోచుకున్నారు. ఆ నేరం న్యాయస్థానానికి ఎక్కింది సెప్టెంబరులో నిజాం లొంగిపోయిన తర్వాతనే. రజ్వీకి పడిన శిక్షను 1953లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాజధాని పక్కనే జరిగిన దోపిడీకి అన్ని నెలలు విచారణ లేదంటే, దాన్ని అసమర్థత అనలేం. కుమ్మక్కు అనాలి. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం బలగాలూ కలిసే జనాన్ని ఊచకోత కోశారు.

ఇక గడీ సంగతి. 1941లో భూమి కోసం పోరాడిన షేక్ బందగీని చంపించినవాడు విసునూరు దేశ్‌ముఖ్. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చింది ఆ దేశ్‌ముఖ్ గూండాలే. హతుల్లో ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. హంతకుడి గడీ ఒక్కటే. ప్రజలకు భయపడి ఊళ్ళు వదిలిన దొరలు తిరిగివచ్చింది రజాకార్ల, పోలీసుల అండతో. మరోవైపు, భారత యూనియన్‌లో చేరాలని రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. మతాన్నిబట్టి పాత్రలు పంచే రచయిత ఈయనను ఎక్కడ నిలబెడతాడు?

సెప్టెంబరు తర్వాత కథ ముగిసిందనుకోవడం మరో పొరపాటు. సైనిక చర్య అనంతరం సామాన్య ముస్లింలపై ప్రతీకార హత్యలు జరిగాయి. పండిత సుందర్‌లాల్ సంఘం మృతులను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతం వాటిలో పాల్గొన్నారని చెప్పింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందలేదు. దొరలు మాత్రం ఖద్దరు టోపీలతో మళ్ళీ గడీల్లోకి వచ్చారు. రైతులమీద సైన్యం వేట 1951 దాకా సాగింది.

జెండా మారింది, గడీ మారలేదు. రెండు దశల్లోనూ కనిపించే సూత్రం ఇదే: ఆయుధం పట్టిన గుంపు వెనుక అధికారం నిలబడుతుంది, చచ్చేది సామాన్యుడు. రజాకారు క్రౌర్యాన్ని తగ్గించి రాయమని నేననడం లేదు. అతనికి తుపాకీ ఎవరిచ్చారో, ఎవరి ఇంట అన్నం తిన్నాడో, ఎవరి భూమికి కాపలా కాశాడో కూడా రాయండి. ఈ మూడూ లేని కథ ఎంత కన్నీరు పెట్టించినా, చివరికి పాత పగకే ఎరువవుతుంది.