ఏబదియేండ్ల పిదప రంగుల పరీక్ష

ఎవరి మేనిచాయకు ఏ రంగు నప్పునో చెప్పు వృత్తిని ఏబదియేండ్ల పిదప చేపట్టవచ్చునా? చేపట్టవచ్చుననియే మేమందుము. కాని వయసుతో కంటిలోని కటకము పసుపువారును. నీలి ఛాయలలోని సన్నని భేదములు తెలియవు. కావున తొలిపరీక్ష తన కంటికే.

పారిసునందలి గోబెలిన్ నేతశాలలో నల్లనూలు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదు రాగా, లోపము అద్దకమున కాక పక్కరంగున కలదని రసాయనవేత్త షెవ్రోల్ గ్రహించి, 1839లో గ్రంథముగా వెలువరించెను. చీరకొంగు గడ్డము క్రింద పట్టిచూచుటలోని రహస్యమిదే.

అభ్యాసమునకు మన శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు చాలును. అద్దకము వేయని ఆ తెలుపును, చలువచేసిన మిల్లుగుడ్డ తెలుపును ఒకే ముఖము క్రింద మార్చి మార్చి పట్టి, పగటివెలుతురున చూడుడు. దుకాణపు దీపమును నమ్మరాదు. తల నెరసినవారికి పాత తీర్పు చెల్లదు, మరల చూడవలసినదే.