సెల్‌ఫోన్‌లో అంగడి: చేతివస్తువుల కొనుగోలులో మెలకువలు

ఒకప్పుడు ఏటికొప్పాక లక్కబొమ్మ కావాలంటే వరాహ నది ఒడ్డునున్న ఆ గ్రామానికి వెళ్ళాలి, లేదా పట్టణంలోని లేపాక్షి విక్రయశాలకు వెళ్ళాలి. నేడు సెల్‌ఫోన్‌లో ఎంచుకొన్న బొమ్మ ఇంటి ముంగిటికే వస్తున్నది. మధ్య దళారీ లేకుండా తన సరుకును తానే అమ్ముకొనే చేతివృత్తిదారునికి ఇది మంచి అవకాశం. అయితే కొనేవారు వస్తువును చేతితో పట్టి చూడలేరు, అమ్మేవారిని ముఖాముఖి పలుకరించలేరు. నకిలీ సరుకు కొంటే మీ సొమ్ము పోవడమే కాదు, అసలు పనివానికి రావలసిన కూలి కూడా దారి తప్పుతుంది. కనుక ఈ క్రింది విషయాలను పాఠకులు శ్రద్ధగా గమనించగలరు.

అసలు చేతిపనియేనా?

పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందుగా ముడులు కట్టి, రంగులలో ముంచి, ఆ తరువాతనే మగ్గం మీద నేస్తారు. అందువలన నమూనా బట్టకు రెండు వైపులా దాదాపు ఒకే విధంగా కనిపిస్తుంది. నమూనా అంచులు కొద్దిగా చెదరినట్లుంటాయి. పైన అచ్చు వేసిన బట్టకు వెనుకవైపు రంగు వెలిసినట్లుంటుంది. కాబట్టి వెనుకవైపు ఫోటో కూడా పంపమని అడగండి. చేనేత వస్త్రాలకు 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉన్నదేమో చూడండి.

ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో చేస్తారు. తిరుగుతున్న కొయ్యకు లక్కకడ్డీని అదిమి పట్టినప్పుడు ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకొంటుంది. విత్తనాలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుండి తీసిన రంగులకు ఈ గ్రామం పేరు పొందినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకే పనివాడు చేసిన రెండు బొమ్మలు కూడా అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండవు. ఆ స్వల్ప భేదం లోపం కాదు, చేతిపనికి గుర్తు.

అమ్మేవారు ఎవరు?

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ఆన్‌లైన్ అంగడి నడిపే సంస్థ అమ్మకందారు పేరు, చిరునామా వంటి వివరాలను కొనుగోలుదారునికి తెలియజేయాలి. ఆ వివరాలు చదవకుండా సొమ్ము చెల్లించవద్దు. ఒకే ఫోటో పది దుకాణాలలో కనిపిస్తే వారందరూ తయారీదారులు కారని గ్రహించండి. పని జరుగుతుండగా తీసిన చిన్న వీడియో అడగండి. నిజమైన పనివాడు దానికి వెనుకాడడు. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ హస్తకళాకారులకు ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు ఉన్నదా అని కూడా విచారించవచ్చును.

ధర వెనుక లెక్క

ఒక ఊహా లెక్క చూడండి. బొమ్మల పెట్టె ధర 800 రూపాయలు. కర్ర, లక్క, రంగులకు 250, అంగడి కమీషనుకు 120, రవాణాకు, అట్టపెట్టెకు 110 పోగా పనివానికి మిగిలేది 320 రూపాయలు. కొన్నవారు కారణం లేకుండా వాపసు చేస్తే, రానుపోను ఖర్చులు తయారీదారుడే భరించాలన్న షరతు ఉన్నచోట 220 రూపాయలు నష్టం. అనగా మరొక పెట్టె అమ్మి సంపాదించేదానిలో మూడింట రెండు వంతులు దీనికే పోతాయి. విరిగిన వస్తువును, చెప్పినదానికి భిన్నమైన వస్తువును నిస్సంకోచంగా వాపసు చేయండి. అది మీ హక్కు. కాని కొలతలు, రంగు, అందే తేదీ ముందే అడిగి తెలుసుకొంటే ఇద్దరికీ నష్టముండదు.

చెల్లింపులో జాగ్రత్తలు

అంగడిలో చూసిన సరుకుకు అంగడి ద్వారానే చెల్లించండి. తగ్గింపు ఆశ చూపి సొమ్మును వేరుగా పంపమంటే అంగీకరించవద్దు. ఆ విధంగా పంపిన సొమ్ముకు సంస్థ బాధ్యత వహించకపోవచ్చును. యూపీఐలో సొమ్ము అందుకొనడానికి పిన్ అవసరం లేదు. వాపసు సొమ్ము ఇస్తామంటూ పిన్ నొక్కమన్నవాడు మోసగాడే. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకు శాఖకు తెలియజేయండి.

పార్సెలు విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. తేడా ఉంటే సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయండి. ఆయన 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని నియమం. అక్కడ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915ను సంప్రదించండి.

వ్యాపారుల దృష్టికి

టోకుగా కొనే వ్యాపారులు మొదట నమూనా తెప్పించుకొని, సంఖ్య, ధర, గడువు, బయానా సొమ్ము వ్రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినది. అయితే హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉన్నది. కావున ఆ గుర్తు లేదని వాటిని త్రోసిపుచ్చక, నమోదు పత్రం ప్రతిని తీసుకొని భద్రపరచుకోండి. జీఎస్టీ నమోదు లేని చిన్న అమ్మకందారులు కూడా 2023 అక్టోబరు 1 నుండి కొన్ని షరతులతో తమ రాష్ట్రం లోపల ఆన్‌లైన్ అంగళ్ళలో సరుకు అమ్మవచ్చును. అందుచేత బిల్లుపై జీఎస్టీ సంఖ్య లేనంత మాత్రాన మోసమని భావించనవసరం లేదు.

మీ సొమ్ము చేసే మేలు

ఆన్‌లైన్ అంగడిలో మీరు చెల్లించిన సొమ్ము, ఖర్చులు పోను, తయారీదారుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. చేతికి నగదు వచ్చి ఖర్చయిపోతే దానికి లెక్క ఉండదు. ఖాతాలో జమ అయినది అతని వ్యాపారానికి సాక్ష్యంగా నిలుస్తుంది. అప్పు కోరి వచ్చిన పనివానిని మేము మొదట అడిగేది ఆ సాక్ష్యమే. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం క్రింద బొమ్మల తయారీదారులతో సహా 18 వృత్తుల వారికి రెండు విడతలలో 3 లక్షల రూపాయల వరకు, 5 శాతం వడ్డీకి, హామీ లేని రుణం లభిస్తున్నది. రెండవ విడత పొందాలంటే మొదటి విడత సక్రమంగా తీర్చి ఉండాలి. పనివాడు ఆ వాయిదాలు కట్టగలగడం, మీరు అసలు సరుకును గుర్తించి, తగిన ధర చెల్లించి కొనడంపైనే ఆధారపడి ఉన్నది.