ఛాతీ కండ బుగ్గకు ఎలా అతుకుతుంది?

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. పొద్దున బుజ్జిది అడిగింది: "తాతయ్యా, నోట్లో క్యాన్సర్ గడ్డ కోసేస్తే అక్కడ గొయ్యి పడుతుంది కదా, దాన్ని దేంతో పూడుస్తారు?" అని. ఎంత మంచి ప్రశ్నో!

చిన్న గాయమైతే అంచులు దగ్గరకు లాగి కుట్టేస్తారు. కాస్త వెడల్పైతే తొడ మీంచి పల్చటి చర్మం తీసి అతుకుతారు. కానీ క్యాన్సర్ కణాలు కంటికి కనిపించవు కదా, అందుకని గడ్డ చుట్టూ సెంటీమీటరు మేర మంచి కండ కూడా తీసేస్తారు. అంత గొయ్యిని బలవంతాన లాగి కుడితే నోరు తెరుచుకోదు, నాలుక తిరగదు, ముద్ద దిగదు. పైగా నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంటుందాయె. కుట్టు విడిపోయి ఆ లాలాజలం మెడలోకి దిగితే అక్కడి పెద్ద రక్తనాళాలకే ముప్పు.

అందుకే బతికున్న కండ కావాలి. కండ బతకాలంటే రక్తం అందాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది! మన పెరట్లో ఆనపపాదు చూడండి. మొదలు గోడ పక్కనే ఉంటుంది, తీగను మాత్రం పందిరి మీదకు మళ్ళిస్తాం. మొదలు తెగనంతవరకూ చివరిదాకా పచ్చగానే ఉంటుంది. 1979లో అమెరికా సర్జన్ స్టీఫన్ అరియన్ చెప్పిన పద్ధతీ అదే. భుజం దగ్గర నుంచి ఛాతీ కండకు ఒక రక్తనాళం వస్తుంది. దాన్ని తెంపకుండా కండనూ పైచర్మాన్నీ కలిపి లేపి, మెడ చర్మం కింద నుంచి నోటిదాకా తీసుకొస్తారు. డాక్టర్లు దాన్ని ఫ్లాప్ అంటారు. మైక్రోస్కోపు అక్కర్లేదు కాబట్టి మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా చేస్తారు. పైచర్మం కూడా వస్తుంది కాబట్టి, ఛాతీ మీద వెంట్రుకలున్న మగవాళ్ళకు నోట్లోనూ వెంట్రుకలు మొలవొచ్చురా!

మొదలు తెంపకుండా మళ్ళించడం మనవాళ్ళకు ఏనాడో తెలుసు. పుణె దగ్గర ఒకాయన, తెగిన ముక్కును నుదుటి చర్మంతో తిరిగి కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది తెలిసి కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో అలాగే చేశాడు.

తీగను మొదలుతో సహా పెకలించి వేరే చోట నాటడమూ ఉంది. నాలుకకూ బుగ్గకూ ముంజేతి మెత్తటి చర్మం, దవడకు మోకాలి కింది సన్నెముక తెస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాన్ని మెడలోని నాళానికి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో మైక్రోస్కోపు కింద కుడతారు. ఆ తర్వాత మొదటి రోజుల్లో నర్సులు గంటగంటకూ వచ్చి రంగు చూస్తారు, వెచ్చదనం చూస్తారు. సూదితో గుచ్చితే ఎర్రటి రక్తం వచ్చిందా, కండ బతికినట్టే. సొంత ఒంటి కండే కాబట్టి ఒళ్ళు దాన్ని పరాయిదని తోసెయ్యదు.

గుట్కా, ఖైనీ, చుట్ట, వీటివల్లే ఈ నోటి క్యాన్సర్ ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిలిలోనే ఎక్కువగా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి: నోటిపుండు రెండు వారాలైనా మానకపోయినా, తెల్లమచ్చో ఎర్రమచ్చో కనబడినా వెంటనే డాక్టరుకు చూపించాలి. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలామందికి మామూలు కుట్లతో సరిపోతుంది, ఛాతీదాకా పోనక్కర్లేదు.