పత్తి చేనులో జాతి గీత

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పరచుకున్న నల్లరేగడిలో పత్తి విత్తనోత్పత్తి చేలు చాలానే ఉన్నాయి. పొద్దు వాలే వేళకు ఆడ వరుసల్లో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను చూసి పట్టుకుంటారు. బొటనవేలి గోటితో రేకుల్నీ, వాటినంటుకుని ఉన్న పుప్పొడి తిత్తుల్నీ ఒక్క ఒడుపుతో ఒలిచేస్తారు. నడుమ సన్నటి కీలం ఒక్కటే మిగులుతుంది. తెల్లారాక మగ వరుసల్లోంచి కోసుకొచ్చిన పువ్వును దాని కొనకు రుద్దుతారు. ఇదే క్రాసింగ్. ఈ పద్ధతిలో ఎక్కువగా కలిపేది ఒకే జాతిలోని రెండు రకాలను. కానీ 1972లో కర్ణాటకలో విడుదలైన వరలక్ష్మి అనే హైబ్రిడ్ పత్తి తల్లిదండ్రులు వేర్వేరు జాతులవి: ఒకటి అమెరికన్ పత్తి హిర్సుటమ్, రెండోది పొడుగు పింజ బార్బడెన్స్. ఆ సంకరం ఏపుగా పెరిగింది, కాయలు కాసింది, దాని గింజా మొలుస్తుంది. కలిసి సంతానవంతమైన పిల్లల్ని కనగలిగేవన్నీ ఒకే జాతి అని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం కదా, మరి ఈ రెండూ ఒకటే ఎందుకు కాలేదు? గీతను మనం వెతుకుతున్న చోటే తప్పు. క్రాసింగ్ కుదిరిందా లేదా అన్నది చాలదు, ఆ సంతానం ఎన్ని తరాలు నిలిచిందో చూడాలి.

కంటికి కనిపించే రూపాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో పత్తి చరిత్రే చెబుతుంది. మన నాటు పత్తులు రెండిటికీ 1753లో లిన్నేయస్ పేర్లు పెట్టాడు. ఒకటి ఆర్బోరియమ్, అంటే చెట్టులాంటిది. రెండోది హెర్బేషియమ్, అంటే చిన్న మొక్కలాంటిది. తీరా చూస్తే మన చేలల్లో వేసే ఆర్బోరియమ్ చెట్టు కాదు, ఏడాదికోసారి విత్తి పీకేసే మొక్కే. ఎత్తు, ఆకు, పువ్వు రంగు చూసుకుంటూ పోయిన వృక్షశాస్త్రజ్ఞులు పత్తి జాతుల జాబితాను పెంచుతూ పోయారు. 1947లో హచిన్సన్, సైలో, స్టీఫెన్స్ జన్యుశాస్త్రం ఆధారంగా సర్దితే ఆసియా, ఆఫ్రికా సాగు పత్తులన్నీ ఈ రెండు జాతుల్లోనే ఇమిడిపోయాయి. రూపంలోనూ నమ్మదగ్గ గుర్తులు లేకపోలేదు. కాయ అడుగున తొడుగులా ఉండే మూడు ఆకులు ఆర్బోరియమ్‌లో కాయను హత్తుకుని, కొన దగ్గర మాత్రమే కొద్దిపాటి పళ్లతో ఉంటాయి. హెర్బేషియమ్‌లో అవి వెడల్పుగా బయటికి విచ్చుకుని, అంచంతా రంపంలా ఉంటాయి. ఆర్బోరియమ్ కాయ కొనదేలి, గుంటలు పడి, పండితే బాగా విచ్చుకుంటుంది. హెర్బేషియమ్ కాయ గుండ్రంగా, నునుపుగా ఉండి కొంచెమే నోరు తెరుస్తుంది. అయితే ఎత్తు పనికిరాదని, ఈ ఆకులు పనికొస్తాయని తేల్చింది చూపు కాదు, సంతానాన్ని పెంచి చూసిన పరీక్ష.

ఆ పరీక్షలో కొన్ని గీతలు తేలిగ్గానే తేలతాయి. నాటు పత్తి కణంలో 26 క్రోమోజోములు, అమెరికన్ పత్తిలో 52. రెంటినీ కలిపితే గింజ కట్టడమే అరుదు. కట్టినా మొక్కకు వచ్చేవి 39, వాటిలో 13 జత దొరకనివి. కాబట్టి ఆ మొక్క గొడ్డుపోతుంది. చిక్కంతా 26, 26 ఉన్న ఆర్బోరియమ్, హెర్బేషియమ్‌ల దగ్గరే. వీటి మొదటి తరం సంకరం దిట్టంగా పెరుగుతుంది, కాస్తుంది. దాని గింజలు విత్తితేనే అసలు సంగతి బయటపడుతుంది. రెండో తరంలో గిడసబారినవి, పూత నిలవనివి, బతకలేనివి కుప్పలుగా పుడతాయి. మొదటి తరానికి రెండు జాతుల నుంచీ ఒక్కో పూర్తి సెట్టు అందుతుంది. రెండో తరంలో ఆ సెట్లు ముక్కలై కలగాపులగమవుతాయి. రెండు ఎద్దులబండ్లు విడివిడిగా బాగానే నడుస్తాయి. రెంటినీ విప్పి, దీని ఇరుసుకు దాని చక్రం తొడిగితే పొలిమేర దాటకముందే కూలబడతాయి. పైగా ఈ రెండు జాతుల మధ్య రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉన్నాయి. అందుకే సంకరంలో జతకట్టేటప్పుడు నాలుగు క్రోమోజోములు వలయంగా చిక్కుకుంటాయి.

హైబ్రిడ్ ఏదైనా రెండో ఏడు దిగజారేదే కదా, అందుకే రైతు ఏటా కొత్త విత్తనం కొంటున్నాడు కదా అని అడగవచ్చు. నిజమే, కానీ ఆ రెండు దిగజారడాలూ ఒకటి కావు. ఒకే జాతి రకాల్ని కలిపితే రెండో తరంలో పొడుగూ పొట్టీ, ముందు కాసేదీ వెనక కాసేదీ కలిసి వస్తాయి. దిగుబడి తగ్గుతుంది, చేను మాత్రం నిలుస్తుంది. జాతుల్ని కలిపినప్పుడు కూలేది బతుకే. ఇంకొకరు డీఎన్ఏ చదివి తేడాల్ని లెక్కగడితే పోలేదా అంటారు. ఎన్ని తేడాలున్నాయో ఆ లెక్క చెబుతుంది. ఇన్ని దాటితే వేరే జాతి అనే అంకె మాత్రం ప్రకృతిలో లేదు. వేల తేడాల్లో ఏవి కలిస్తే బండి కూలుతుందో సంతానాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఇదంతా ప్రయోగశాల తంతు, చేనుకు దీనితో పనేమిటన్న అనుమానానికి చేలే జవాబు. ఈ రెండు నాటు పత్తుల్నీ ఒకే ప్రాంతాల్లో శతాబ్దాలుగా పక్కపక్కనే సాగు చేశారు. తేనెటీగలు పుప్పొడి మోస్తూనే ఉన్నాయి. అయినా రెండూ కలిసి ఒకటైపోలేదు. పుట్టిన సంకరాలు తమ వంశాన్ని నిలుపుకోలేకపోయాయి.

అలాగని ఈ గీత గోడా కాదు. ఆకుముడత వైరస్‌ను తట్టుకునే గుణం నాటు పత్తిలో ఉంది, అమెరికన్ పత్తికి అది కావాలి. అందుకే ప్రజనన శాస్త్రవేత్తలు కాల్చిసిన్ మందుతో క్రోమోజోముల్ని రెట్టింపు చేసి గొడ్డు మొక్కకు కాపు తెప్పిస్తారు. తర్వాత దాన్ని మళ్లీ మళ్లీ అమెరికన్ పత్తితోనే కలుపుతూ, కావలసిన గుణం ఒక్కదాన్నే ఇవతలికి తెచ్చుకోవాలని చూస్తారు. గీత నిజమైనది కాబట్టే ఇంత శ్రమ. అక్కడక్కడా సందులున్నాయి కాబట్టే ఆ శ్రమకు ఫలితం. జాతి అన్నది పేరు మాత్రమే అయితే ఒక్క రోజు క్రాసింగ్‌తో పని ముగిసేది. మొగ్గ ఒలిచి పువ్వు రుద్దిన చెయ్యి కాయ పగిలే దాకా ఆగితే సరిపోతుంది. అది దాటింది జాతి గీతనా కాదా తెలియాలంటే మాత్రం ఆ గింజ మళ్లీ మొలవాలి, దాని గింజా మొలిచి నిలవాలి.